ఖాతాలో రాసుకో: ‘ముసలావిడ రాక’ నాటకం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. నాటకాలు వేసేవాళ్లూ, వేయించేవాళ్లూ కూర్చున్న సభ ఇది. అందుకని ఉపోద్ఘాతం తగ్గించి నేరుగా విషయంలోకి వస్తాను.

స్విట్జర్లాండ్ రచయిత ఫ్రీడ్‌రిష్ డ్యూరెన్‌మాట్ జర్మన్ భాషలో రాసిన నాటకం ఇది. 1956 జనవరి 29న జ్యూరిక్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. ‘ది విజిట్’ అన్న ఇంగ్లిష్ పేరుతో మీలో కొందరు చదివే ఉంటారు. మనం ‘ముసలావిడ రాక’ అనుకుందాం. పగ నాటకం అంటారు దీన్ని. నలభై అయిదేళ్ల కిందట తనకి అన్యాయం చేసిన మనిషిని చంపించడానికి ఒకావిడ సొంతూరికి తిరిగొస్తుంది. చంపిస్తుంది. వెళ్లిపోతుంది. కథంతా ఇంతే. కానీ పగ అనేది మొదటి అంకం ముగిసేసరికే తన మాట తను చెప్పేసి పక్కకి తప్పుకుంటుంది. మిగతా రెండు అంకాలూ నడిపేది అప్పు. ఊరంతా ముందు అప్పు చేస్తుంది, తర్వాత ఆ అప్పు తీర్చే దారి వెతుక్కుంటుంది. ఈ నాటకం మీద నాకున్న ఇష్టమంతా అక్కడే ఉంది. ఇవాళ ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

ఊరి పేరు గ్యులెన్. మధ్య యూరప్‌లో ఎక్కడో ఉన్న కల్పిత పట్నం. తెర లేచేసరికి రైల్వే స్టేషన్. నలుగురు మగవాళ్లు బెంచీ మీద కూర్చుని పోయే రైళ్లని చూస్తుంటారు. వాళ్లకి వేరే పని లేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఇక్కడ ఆగడం మానేశాయి. ఒకప్పుడు మహాకవి గొయ్‌టె (గోథే) మా ఊళ్లో ఒక రాత్రి బస చేశాడు, బ్రామ్స్ ఇక్కడే ఒక సంగీత రచన చేశాడు అని చెప్పుకోవడం తప్ప ఊరికి ఆస్తి లేదు. జప్తు చెయ్యడానికి అధికారి కూడా అదే రోజు దిగుతాడు. ఇలాంటి ఊరికి, ఇక్కడే పుట్టి ప్రపంచంలోకెల్లా ధనవంతురాలైన క్లైర్ జఖనాసియన్ వస్తోంది. బ్యానర్ రాస్తున్నారు, పాటలబృందం సిద్ధమవుతోంది, మేయర్ ఉపన్యాసం బట్టీ పడుతున్నాడు. ఆవిడేమో వీళ్లు అనుకున్న ప్యాసింజర్‌లో రాదు. ఆగని ఎక్స్‌ప్రెస్‌లో చెయిన్ లాగి దిగుతుంది. చెయిన్ లాగడం నేరమని రైల్వే ఉద్యోగి గొడవకొస్తే డబ్బు చేతిలో పెడుతుంది. రైల్వేవాళ్ల వితంతువుల నిధికి కూడా ఇంత ఇస్తానంటుంది. అలాంటి నిధేదీ లేదండీ అంటాడతను. అయితే ఒకటి పెట్టండి అంటుంది.

ఇక్కడ హాలంతా నవ్వుతుంది. నవ్వాలి కూడా. రచయిత దీన్ని ‘విషాద హాస్యనాటకం’ అన్నాడు. కానీ నవ్వుతూనే ప్రేక్షకుడు ఒక సంగతి ఒప్పేసుకున్నాడు. ఈవిడ దగ్గర డబ్బుంటే నియమం పుడుతుంది, డబ్బుంటే నియమం పోతుంది. మూడు గంటల నాటకం పునాది అక్కడ పడిపోయింది.

స్టేషన్లోనే ఇంకో చిన్న ముచ్చట ఉంది. స్వాగతం చెప్పడానికొచ్చిన పెద్దమనుషుల్ని ఆవిడ ఒక్కొక్కర్నీ ఒక్కో ప్రశ్న అడుగుతుంది. పోలీసాయన్ని, అప్పుడప్పుడూ చూసీ చూడనట్టు పోతారా అని. ఫాదర్‌ని, మరణశిక్ష పడ్డవాళ్లని ఓదారుస్తారా అని. మా దేశంలో మరణశిక్ష రద్దయిందమ్మా అంటే, మళ్లీ పెడతారేమో అంటుంది. డాక్టర్ని, డెత్ సర్టిఫికెట్లు మీరే రాస్తారా, ఈసారి గుండెపోటు అని రాయండి అని. కండలు చూపించే వ్యాయామ వీరుణ్ణి, ఆ చేతులతో ఎవరి గొంతైనా నులిమారా అని. అందరూ ఆవిడ హాస్యానికి పడీ పడీ నవ్వుతారు. చివరికి ఆ నలుగురూ సరిగ్గా ఆ నాలుగు పనులూ చేస్తారు. ఆవిడ సామానులో ఖాళీ శవపేటిక కూడా ఉంది. పనివాళ్లని అప్పుడే కుదుర్చుకుంటోందన్నమాట. ఈ ప్రశ్నల్ని బెదిరింపుగా పలికిన నటీమణుల్ని చూశాను. అది పొరపాటు. ఇంటికొచ్చిన పెద్దావిడ కుశలప్రశ్నలు అడిగినట్టు అడగాలి.

విందులో అసలు విషయం బయటపెడుతుంది. వంద కోట్లు ఇస్తాను, అందులో యాభై కోట్లు ఊరికి, యాభై కోట్లు ఇంటింటికీ సమానంగా. బదులుగా న్యాయం కావాలి. న్యాయం కొనుక్కోవడానికి వచ్చాను.

ఏమిటా న్యాయం? 1910. అప్పుడావిడ పేరు క్లారా. ఆల్‌ఫ్రెడ్ ఇల్ అనే కుర్రాణ్ణి ప్రేమించి గర్భవతైంది. కోర్టుకెళితే, బిడ్డకి తండ్రిని నేను కాదన్నాడతను. ఇద్దరు సాక్షులొచ్చి, మేమూ ఆమెతో ఉన్నాం అని ప్రమాణం చేశారు. ఆ సాక్ష్యానికి ఇల్ పెట్టిన ఖర్చు ఒక లీటరు సారా. ఆమె ఊరొదిలి హాంబర్గ్‌లో వేశ్యగా బతికింది. బిడ్డ ఏడాదికే చనిపోయింది. తర్వాత ముసలి చమురు కోటీశ్వరుడొకడు పెళ్లి చేసుకోవడంతో ఇంత డబ్బు వచ్చింది. అప్పటి జడ్జి ఇప్పుడావిడ దగ్గర బట్లర్. ఆ సాక్షులిద్దరూ ఒకడు ఆస్ట్రేలియాకి, ఒకడు కెనడాకి పారిపోయినా వెతికి పట్టించి, కళ్లు తీయించి, నపుంసకుల్ని చేయించి వెంట తిప్పుకుంటోంది. డబ్బున్న పగ ఎంత ఓపిగ్గా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. లీటరు సారాకి, వంద కోట్లకి మధ్య ఉన్న దూరం చూడండి. కొనడం మొదలుపెట్టినవాడు ఇల్. ఆవిడ ధర పెంచింది, అంతే.

మేయర్ లేచి, మనం యూరప్‌లో ఉన్నాం, మానవత్వం పేరుతో ఈ ప్రతిపాదన తిరస్కరిస్తున్నాం, నెత్తురు మరకకన్నా పేదరికమే నయం అంటాడు. చప్పట్లు మోగిపోతాయి. నిజాయితీగానే కొడతారు ఆ చప్పట్లు. ఆవిడ ఒకే మాట అంటుంది. వేచి ఉంటాను.

ఇక రెండో అంకం. ఇల్‌కి ఇప్పుడు చిన్న కిరాణా కొట్టుంది. వయసు అరవై దాటింది. ఊళ్లో మంచి పేరుంది, కాబోయే మేయర్ అంటున్నారు. విందు మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచాడు. గిరాకీ బాగుంది. ఒకాయన సిగరెట్లు అడిగాడు. రోజూ కొనేవి ఇవ్వబోతే అవి వద్దు, ఆ ఖరీదైనవి ఇవ్వు అన్నాడు. డబ్బులు? ఖాతాలో రాసుకో. ఇద్దరు ఆడవాళ్లు పాలకొచ్చారు. మామూలు పాలు కాదు, వెన్న తియ్యని చిక్కటి పాలు. వెన్న కూడా. తెల్ల రొట్టె కూడా. చాక్లెట్ కూడా. ఖాతాలో రాసుకో. ఇంకొకాయనకి మంచి పొగాకు, కోన్యాక్ సీసా. రాసుకో. రాస్తూనే ఉన్నాడు ఇల్. సంతోషంగా కూడా ఉన్నాడు. ఎందుకంటే వచ్చినవాళ్లంతా, మేము నీ పక్షమే, నీకేం భయం లేదు, బండలా నిలబడతాం అంటున్నారు. చాక్లెట్ చప్పరిస్తూ అంటున్నారు.

అప్పుడు కిందికి చూస్తాడు. ఒకడి కాళ్లకి కొత్త బూట్లు. పసుప్పచ్చ బూట్లు. పక్కవాడికీ అవే. ఆడవాళ్లకీ అవే. ఎలా కొన్నారు ఇవి? అరువుకే కొన్నాం, ఇల్. నా దగ్గరా అరువే, బూట్ల కొట్లోనూ అరువే. దేంతో తీరుస్తారర్రా? దేంతో? కొట్లో సామానే వాళ్ల మీదికి విసిరేస్తాడు.

నా లెక్కలో ఇల్‌ని చంపింది ఇక్కడే. తర్వాత జరిగేదంతా కాగితాల పని. వీళ్లలో ఎవ్వరూ అతన్ని చంపుదామని అనుకోలేదు. అడిగితే నొచ్చుకుంటారు. కాకపోతే ఒక్కొక్కరూ రేపు డబ్బొస్తుందని నమ్మినట్టు ఖర్చుపెట్టారు. ఆ డబ్బు రావడానికి ఒకటే దారి. ఆ దారి గురించి ఆలోచించకుండా బూట్లు మాత్రం కొన్నారు. పైగా ఆ అప్పు ఇస్తున్నది ఎవరు? చావాల్సినవాడే. తన ప్రాణం తాకట్టుగా తన సరుకే తను అరువిస్తున్నాడు, ప్రతి పద్దూ తన చేత్తోనే రాసుకుంటున్నాడు. ఇంతకన్నా గొప్ప రంగస్థల పరికరం నాకు తెలిసి ఇంకోటి లేదు. ఒక ఖాతా పుస్తకం, నాలుగు జతల బూట్లు. సెట్టింగులకి లక్షలు పెట్టేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఈ సేపంతా పైన హోటల్ బాల్కనీలో క్లైర్ కనిపిస్తూనే ఉంటుంది. చుట్ట కాలుస్తూ, ఒక మొగుణ్ణి వదిలేస్తూ, ఇంకొకణ్ణి చేసుకుంటూ. ఆవిడ ఒక్క కుట్రా చెయ్యదు, ఒక్క మనిషినీ పిలిచి మాట్లాడదు. కూర్చునుంటుంది.

ఇల్ మూడు చోట్లకి పరిగెత్తుతాడు. పోలీసు దగ్గర జరిగేది నాటకం మొత్తంలో నాకు బాగా నవ్వొచ్చే చోటు. ఆవిణ్ణి అరెస్టు చెయ్యి అంటాడు ఇల్. పోలీసు వాదన వినండి. అలాంటి పనికి మామూలుగా వెయ్యో రెండు వేలో ఇస్తారు, వంద కోట్లు ఎవడిస్తాడు, కాబట్టి ఆవిడ సీరియస్‌గా అనలేదు. ఈ తర్కం చెప్తున్న నోట్లో కొత్త బంగారు పన్ను మెరుస్తుంటుంది. మేయర్ దగ్గర కొత్త సిల్కు టై, కొత్త టైప్‌రైటర్, గోడ మీద కొత్త టౌన్‌హాల్ ప్లాను. ఫాదర్ మాత్రం నిజం చెప్తాడు. చర్చికి కొత్త గంట వచ్చింది. అది మోగుతుంటే, పారిపో, మేం బలహీనులం, నువ్విక్కడే ఉండి మమ్మల్ని పరీక్షకి పెట్టకు అని ప్రాధేయపడతాడు. ఈ లోపు క్లైర్ తెచ్చిన నల్ల చిరుతపులి బోనులోంచి తప్పించుకుంది. ఊళ్లో మగవాళ్లందరి చేతుల్లోకీ తుపాకులొచ్చాయి. వయసులో ఉన్నప్పుడు ఇల్‌ని ఆవిడ ముద్దుగా పిలిచింది నల్ల చిరుత అనే. పులిని కాల్చింది కూడా సరిగ్గా అతని కొట్టు ముందే. ఈ ప్రతీక కాస్త ఎక్కువైందని నాకనిపిస్తుంది, కానీ స్టేజి మీద పనిచేస్తుంది.

సూట్‌కేసు పట్టుకుని స్టేషన్‌కి పోతాడు. ఊరంతా చుట్టూ చేరుతుంది. ఎక్కు ఎక్కు అంటారు, ఎవరూ అడ్డుపడరు, ఒక్క చెయ్యి కూడా మీద పడదు. అయినా ఎక్కలేడు. ఎవరో ఒకరు ఆపుతారని భయం. రైలు వెళ్లిపోతుంది. దర్శకుడికి ఇదొక పరీక్ష. గుంపుని క్రూరంగా పెడితే సీను చచ్చిపోతుంది. వీడ్కోలు చెప్పడానికి వచ్చినట్టే ఉండాలి.

మూడో అంకంలో ఊరి మీద మనకి జాలి కలిగించే విషయం ఒకటి తెలుస్తుంది. బడిపంతులు, డాక్టరు కలిసి క్లైర్ దగ్గరికెళ్లి బతిమాలతారు. అమ్మా, మా ఫ్యాక్టరీలు మంచివి, పెట్టుబడి పెట్టండి, మీకూ లాభం, మాకూ బతుకు, ఈ హత్య మాత్రం వద్దు. ఆవిడ చెప్పే జవాబు: అవన్నీ నావే. ఏజెంట్ల చేత ఎప్పుడో కొనిపించాను, నేనే మూయించాను. అంటే వీళ్లు సోమరులై చితికిపోలేదు. చేతకాక చితికిపోలేదు. చితకగొట్టారు. ఇన్నేళ్లూ తమ దరిద్రానికి తమలో తాము కారణాలు వెతుక్కున్నారు, ఆ కారణం మాత్రం ఎక్కడో కూర్చుని పెళ్లిళ్లు చేసుకుంటోంది.

డబ్బు మనిషిని చెడగొడుతుంది అని ఈ నాటకాన్ని ఒక సూక్తిగా మార్చేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ముందు ఆకలి తయారుచేశారు, తర్వాత ఎర వేశారు. గ్యులెన్ వాళ్లు దోషులే, కాదనను. అయితే ఈ నాటకం వాళ్లని చూపించినంత శ్రద్ధగా, వాళ్లని ఆ గతికి తెచ్చిన ఏర్పాటునీ చూపిస్తుంది.

పంతులు సంగతి కాస్త ఆగి చెప్పాలి. ఊళ్లో చదువుకున్నవాడు, గ్రీకు, లాటిన్, మానవతావాదం అన్నీ నోట్లోనే ఉంటాయి. క్లైర్ పెళ్లి వార్తల కోసం విలేఖరులు ఊళ్లోకి దిగినప్పుడు, ఇల్ కొట్లో తప్పతాగి, నిజం చెప్పేస్తా అని లేస్తాడు. ఆపినవాడు ఇల్. తర్వాత ఇద్దరూ మిగిలినప్పుడు పంతులు ఒప్పుకుంటాడు. నిన్ను చంపుతారు, నేనూ అందులో ఉంటాను, మెల్లమెల్లగా హంతకుణ్ణవుతున్నట్టు నాకే తెలుస్తోంది, నేను నమ్మిన మానవత్వం దీన్ని ఆపలేకపోతోంది. ఒకరోజు మా దగ్గరికీ ఒక ముసలావిడ వస్తుంది. ఇంత నిజాయితీ ఈ నాటకంలో ఇంకెవరి నోటా రాదు. మరుక్షణం ఏం చేస్తాడు? ఇంకో సీసా తీసుకుంటాడు. ఖాతా మీదే.

ఈ పాత్ర వేసే నటుడికి నా సలహా ఒకటే. ఆ సీసా అడగడానికి ముందు గ్యాప్ ఇవ్వొద్దు. గ్యాప్ ఇస్తే ప్రేక్షకుడు ఛీ అనుకుంటాడు. వెంటనే అడిగితే తనని తాను చూసుకుంటాడు.

ఇల్‌లో కూడా మార్పు వచ్చేది ఈ అంకంలోనే. అతని ఇంట్లోనే భార్యకి ఫర్ కోటు వచ్చింది, కొడుక్కి కారు, కూతురికి టెన్నిస్. అది చూశాక అతను తప్పించుకునే దారి వెతకడం మానేస్తాడు. ఒకప్పుడు నేను చేసిన పనే ఇది, ఇవాళ నాకు వచ్చింది అని తెలుసుకుంటాడు. మేయర్ తుపాకీ తెచ్చి, ఊరి పరువు కోసం నువ్వే కాల్చుకుంటే బాగుంటుంది కదా అంటాడు. ఇల్ ఒప్పుకోడు. మీరు ఒక్కొక్క అప్పూ చేస్తుంటే చూస్తూ నేను నరకం పడ్డాను. ఆ భయం నాకు తప్పించి ఉంటే, మీ కోసం ఆ తుపాకీ తీసుకునేవాణ్ణేమో. ఇప్పుడు మాత్రం తీర్పు మీరే చెప్పాలి, నేను తలవంచుతాను. తిరగబడడు, సాయమూ చెయ్యడు. లీటరు సారాతో సాక్ష్యం కొన్న పిరికివాడు, ఊరు మొత్తంలో లెక్క సరిగ్గా చూసుకున్న ఒకే ఒక్కడిగా మిగులుతాడు.

ఇక తీర్పు చెప్పే ఊరి సభ. విలేఖరులు, రేడియో, కెమెరాలు. బయటివాళ్లకి ఇదొక దాతృత్వ నిధి ఆమోదం మాత్రమే. పంతులే లేచి న్యాయం గురించి అద్భుతంగా మాట్లాడతాడు. చేతులు లేస్తాయి. మేయర్ వాక్యం వాక్యం చెప్తే జనం వంత పాడతారు. డబ్బు కోసం కాదు, న్యాయం కోసం, మనస్సాక్షి కోసం. ఇల్ గొంతులోంచి ఒక కేక వస్తుంది: దేవుడా!

అప్పుడు కెమెరామన్ అంటాడు, సారీ, లైటు ఫెయిలైంది, చివరి భాగం ఇంకోసారి చేద్దాం. చేస్తారు. అవే మాటలు, అదే ఊపు, ఒక్క అక్షరం మారదు. ఇల్ మాత్రం రెండోసారి నోరు విప్పడు. ఆ కేక బాగా వచ్చింది, రెండోసారి రాకపోవడం నష్టమే అని కెమెరామన్ బాధపడతాడు. 1956 నాటి నాటకమండీ ఇది, ఇంటింటికీ టీవీలు రాకముందుది.

తర్వాత తలుపులు మూస్తారు. మగవాళ్లు రెండు వరసల్లో నిలబడతారు. నీ కోసం ప్రార్థిస్తానన్న ఫాదర్‌తో, గ్యులెన్ కోసం ప్రార్థించండి అంటాడు ఇల్. వరసల చివర ఆ వ్యాయామ వీరుడు. లైట్లు వచ్చేసరికి శవం. డాక్టరు గుండెపోటు అంటాడు. ఆనందంతో పోయాడంటాడు మేయర్. చెక్కు చేతులు మారుతుంది, పెట్టెలో శవంతో ఆవిడ రైలెక్కుతుంది.

సినిమాల సంగతి రెండు మాటల్లో. 1964లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, ఆంథొనీ క్విన్‌లతో సినిమా వచ్చింది. అందులో చివరి క్షణంలో ఆవిడే చావు ఆపుతుంది, అతన్ని చంపడానికి ఒప్పుకున్న జనం మధ్యే బతకమని వదిలేసి పోతుంది. తెలివైన ముగింపే. కానీ ఊరు చేసిన పని ఊరి చేతుల్లోంచి జారిపోయి మళ్లీ ఆవిడ ఆటైపోతుంది. 1992లో సెనెగల్ దర్శకుడు జిబ్రిల్ జోప్ మంబెటి ‘హైనాలు’ పేరుతో తీసింది వేరే రకం. ఫ్రిజ్‌లు, ఫ్యాన్‌లు అరువు మీద ఇళ్లకి చేరతాయి. పసుప్పచ్చ బూట్లకి ఇంత చక్కటి వారసులు ఇంకెక్కడా దొరకరు. చివర్లో గుంపు అతని మీద ముసురుకుని విడిపోయేసరికి నేల మీద కోటు ఒక్కటే ఉంటుంది. నాటకాన్ని అర్థం చేసుకున్న సినిమా ఇదే అని నా అభిప్రాయం.

వేయాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు చెప్పి దిగుతాను. అడవిలో ఇల్, క్లైర్ పాత ప్రేమ గుర్తు చేసుకునే సీన్లలో చెట్లుగా నిలబడేది ఊరి జనమే. కొమ్మలు పట్టుకుని నిలబడతారు, ఒకాయన పొగాకు గొట్టం మీద తాళంచెవితో కొట్టి వడ్రంగిపిట్ట చప్పుడు చేస్తాడు. డబ్బులు మిగుల్తాయని కాదు, అతన్ని చంపబోయే చేతులే ఆ ప్రేమకి నీడ పట్టాయని చూపించడానికి అలాగే వెయ్యండి. దుస్తులు, రంగాలంకరణ సీను సీనుకీ ఒక్కో పిసరు బాగుపడాలి. ఒక్కసారిగా మార్చేస్తే అప్పు కనపడదు.

ఊరివాళ్లని దుర్మార్గులుగా వేయించొద్దు. ఇది నా మాట కాదు, రచయితదే. ఈ జనానికి దూరంగా నిలబడి రాయలేదు, వాళ్ల స్థానంలో ఉంటే వేరేగా చేసేవాణ్ణన్న నమ్మకం నాకు లేదు అని నాటకానికి రాసిన మాటల్లో చెప్పుకున్నాడు.

ఆఖరున పురప్రజలంతా సాయంకాలపు సొగసు దుస్తుల్లో గ్రీకు విషాదాంతాల పద్ధతిలో ఒక బృందగానం చేస్తారు. లోకంలో ఘోరాలెన్నో ఉన్నా పేదరికాన్ని మించిన ఘోరం లేదని, తమకి దక్కిన సుఖాన్ని దేవుడు కాపాడాలని. నిడివి ఎక్కువైందని చాలామంది దీనికి కత్తెర వేస్తారు. వెయ్యకండి. పేదరికం ఘోరమన్న మాట అక్షరాలా నిజం, అంతకు ముందు రెండున్నర గంటలు మనం చూసింది అదే. ఆ నిజాన్ని ఇంత బాగా, ఇంత శ్రావ్యంగా, ఇలాంటి మనుషులు పాడటమే అక్కడి సమస్య. అందుకని వెక్కిరింపుగా కాకుండా శ్రుతిలో, భక్తిగా పాడించండి. మంచి గొంతులున్నవాళ్లని పెట్టుకోండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.